ఆసరాను తయారుచేసిన అక్క

అమ్మా, తమ్ముడూ, మా ఆఫీసు మిత్రులారా, పనులు పక్కన పెట్టి వచ్చిన ఇరుగుపొరుగువారా, అందరికీ నమస్కారం. పోయిన నెల ఇదే హాల్లో, మా ఆఫీసు వార్షికోత్సవంలో, అక్క చివరి వరసలో కూర్చుని నా ప్రసంగానికి బాహాటంగా ఆవలించింది. ఇవాళ ఆమె గురించే మాట్లాడమని నన్ను నిలబెట్టారు.  మాట్లాడతాను.

తోడబుట్టకపోయినా ఆఫీసులో ఆమెను అక్కా అనే పిలిచేవాణ్ణి, వాళ్లమ్మ నాకూ అమ్మే. నేను టెస్టర్‌ని. అంటే అక్క కట్టినదాంట్లో తప్పులు పట్టి పడగొట్టడం నా ఉద్యోగం. జీతం తీసుకుని మరీ ఆమెతో పోట్లాడేవాణ్ణి. ఆమెను చూస్తే ఒళ్లు మండేది, ఆమె సెలవు పెడితే ఏమీ తోచేది కాదు.

ఇక్కడున్న పెద్దవాళ్ల కోసం చెబుతున్నాను. మాది లక్షలమంది ఎవరింట్లో వాళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని కలిసి ఆడుకునే యుద్ధాల ఆట. చేరేవాళ్లు ముందుగా తామెవరో ఎంచుకోవాలి. కత్తివాడా, విలుకాడా, మంత్రగాడా? ఈసారి కొత్త రకం యోధుణ్ణి తయారుచేసే పని అక్కకు ఇచ్చారు. పైవాళ్లు కోరిందేమిటి? రెండు చేతుల్లో రెండు గొడ్డళ్లు, నోట్లోంచి మంటలు. మరి అక్క చేసిందేమిటి?

అక్కకో పద్ధతి ఉండేది. ఆట అంటే ఏమిటో తెలియని మనిషి చేత ఒకసారి ఆడించనిదే ఏ పనీ మొదలుపెట్టేది కాదు. ఆ మనిషి ఎప్పుడూ అమ్మే. ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ చేతికి కత్తి ఇచ్చి యుద్ధంలోకి తోసింది. అమ్మ నాలుగడుగులు వేసి ఆగిపోయింది. పక్కన ఎవడో పడిపోయాడు. మా ఆటలో పడినవాడు పడినట్టే, మిగతావాళ్లు తొక్కుకుంటూ పోతారు. అమ్మ కదిలితే కదా! "ఎవరు కన్న బిడ్డో, అలా వదిలేసి పోతారేంటే? మీ ఆట తగలెయ్య!" అంది. మర్నాడు అక్క నా బల్ల మీద ఒక బొమ్మ పెట్టింది. పడినవాణ్ణి ఒక భుజాన వేసుకుని, రెండో చేత్తో యుద్ధం చేస్తూ తమ కోటకు చేర్చే యోధుడు. పేరు ఆసరా.

ఆసరా నా చేతికి వచ్చింది. మా ఆఫీసువాళ్లందరినీ కూర్చోబెట్టి ఆడించాను. ఏం జరిగిందో తెలుసా? ఒక్కడూ యుద్ధం చేయలేదు! హాయిగా మోయించుకోవచ్చు కదా అని, కావాలనే శత్రువు ముందుకెళ్లి దెబ్బ తిని పడుకున్నారు. మా అకౌంటెంటు గారైతే ఆసరా భుజం మీద ఉండగానే బయటికెళ్లి టీ తాగి వచ్చారు. తల దించుకోకండి సార్, మీరొక్కరే కాదు.

నేను చిందులు తొక్కాను. పడినవాళ్లకు శిక్ష వెయ్యి, బలం తగ్గించు, అప్పుడుగానీ బుద్ధి రాదన్నాను. అక్క కొన్నాళ్లు ముఖం మాడ్చుకుని తిరిగి, ఒకరోజు పొద్దున్నే నవ్వుతూ వచ్చింది. "శిక్షలెందుకురా? మోయించుకునేవాడికీ ఓ పనిద్దాం" అంది. భుజం మీదున్నవాడి చేతికి డాలు ఇచ్చింది. మోసేవాడి వీపు మీద పడే దెబ్బలు వాడు కాయాలి. కాయకపోతే ఇద్దరూ పోతారు. అంతే, మళ్లీ ఎవరూ టీకి లేవలేదు. బాగుంది అని నేను అక్కతో అన్నది అప్పుడొక్కసారే. ఇంకాసిన్ని సార్లు అంటే నా సొమ్మేం పోయేది?

ఇక మిగిలింది బయటివాళ్లకు ఇవ్వడమే. అక్క కోరికా అదే. "మీరంతా నా ముఖం చూసి ఎత్తుకుంటారు. ముక్కూముఖం తెలియనివాడు ముక్కూముఖం తెలియనివాణ్ణి ఎత్తుకుంటాడా? అది నా కళ్లతో చూడాలిరా" అనేది. అన్నీ సిద్ధం. మేనేజర్ గారు సరేనన్నారు. అడ్డం పడిందెవరు? అక్కే! మనిషిని ఎత్తుకున్నాక వేసే అడుగు బరువుగా లేదట, దూదిమూట మోస్తున్నట్టుందట. ఇంకొన్నాళ్లు ఆగమంది. నేను గొంతు చించుకున్నాను. అడుగు సంగతి తర్వాత చూసుకుందాం, ముందు వదులు తల్లీ అన్నాను. వింటేనా? మా పోట్లాటల్లో సగం నేనే గెలిచేవాణ్ణి. అవన్నీ ఓడిపోయినా సరే, ఆ ఒక్కటి గెలిచి ఉంటే ఎంత బాగుండేది!

చివరికి అడుగు కుదిరింది. ఏ రోజు బయటివాళ్లకు తెరవాలో అక్కే చెప్పింది. ఆ రోజు తెల్లవారేసరికి అక్క లేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు.

కర్మకాండలన్నీ అయ్యాక, అక్క తమ్ముడు తెరవమంటే, నిన్న తెరిచాం. నేను చూస్తూ కూర్చున్నాను. చాలాసేపు ఎవరూ ఎవరినీ ఎత్తుకోలేదు. ఆసరాను ఎంచుకున్నవాళ్లు కూడా పడినవాళ్లను దాటుకుని వెళ్లిపోయారు. నాకు ఏడుపొచ్చింది. అంతలో ఒకడు వెనక్కి తిరిగాడు. వాడెవడో, పడినవాడెవడో మాకు తెలియదు. వంగాడు, భుజాన వేసుకున్నాడు. కాళ్లీడ్చుకుంటూ, ఆగుతూ, మళ్లీ నడుస్తూ కోట దాకా మోసుకెళ్లి దింపాడు. "అక్కా, ఎత్తుకున్నాడక్కా!" అని నేను ఆమె బల్ల వైపు తిరిగి కేకేశాను. ఆఫీసంతా నా వంక చూసింది.

చూడాల్సిన మనిషి చూడలేదు. నేను చూసి ఏం చేసుకోను?

అమ్మా, ఎత్తుకున్నాడమ్మా. వదిలేసి పోలేదు. ఈ మాట మీతో చెప్పడానికే ఇంతసేపు మైకు పట్టుకున్నాను. ఇక నావల్ల కాదు. అందరూ లేవండి. కాసేపు మాటల్లేకుండా అక్క కోసం నిలబడదాం.