గుంత గోడ చెక్కి చూసిన మా ఇంద్రాణి గారు

1991 జూలై 8వ తేదీ, సోమవారం ఉదయం, ఎల్బీ నగర్‌లోని మన నేల పరీక్షా కేంద్రంలో సహాయ శాస్త్రవేత్తగా శ్రీమతి ఇంద్రాణి గారు బాధ్యతలు స్వీకరించారు. కృష్ణా జిల్లా నుంచి తరలివచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడిన కుటుంబం వారిది. నియామక పత్రం తీయబోతే సంచిలోంచి ఒక కూరగాయల కత్తి జారిపడిందనీ, అప్పటి అధికారి కుర్చీ వెనక్కి జరుపుకున్నారనీ పెద్దలు చెప్పగా విన్నాను. నేల పొరలను చెక్కి చూడటానికి అంతకు మించిన పనిముట్టు లేదని వారి సిద్ధాంతం. ఆ సిద్ధాంతానికి ముప్పై నాలుగేళ్ళుగా మూల్యం చెల్లించినది మాత్రం వారి వంటిల్లే. వారి భర్త, కోచింగ్ సెంటర్లలో గణితం బోధించే గంగాధరరావు గారు ఒకసారి నాతో మొరపెట్టుకున్నారు: "ఏమండీ సీతారాములు గారూ, మా ఇంట్లో వంకాయ కోయాలంటే ముందు మీ ఆఫీసుకు ఫోన్ చేయాల్సి వస్తోందండీ!"

1994లో క్షేత్ర సహాయకుడిగా నేను చేరిన నాటికే వారి కీర్తి జిల్లాలకు పాకింది. మాది నల్లగొండ పక్క పల్లె, ప్రస్తుత నివాసం మీర్‌పేట్. మట్టి గురించి నాకు ఒకరు చెప్పేదేమిటన్న పొగరుతో వచ్చిన మనిషిని నేను. పైపైన దోసెడు మట్టి తీసి పరీక్షించడం అందరూ చేసే పని. మనిషి లోతు గుంత తవ్వించి, పైమట్టి మొదలు అడుగు రాయి దాకా ఏ పొర ఎంత మందమో, వేరు ఎక్కడ ఆగిందో, నీరు ఎక్కడ నిలిచిందో చదవడం ఇంద్రాణి గారి మార్గం. వర్షమైనా, వడగాడ్పైనా, ఎల్బీ నగర్ చౌరస్తాలో తెల్లవారుజామునే మొదటి జిల్లా బస్సు ఎక్కి, కిటికీ పక్క సీటు నాకిచ్చి, తాము మట్టి సంచుల పక్కన కూర్చునేవారు.

2008లో గనులు తవ్వి పూడ్చిన భూముల విభాగానికి వారు అధిపతి అయ్యారు. వారి ఉద్యోగ జీవితంలో అత్యున్నతమైన ఘట్టం, నా ఉద్యోగ జీవితంలో అత్యంత సిగ్గుచేటైన ఘట్టం, రెండూ ఆ విభాగంలోనే, 2016లో, ఒకే గుంతలో జరిగాయి.

నల్లగొండ జిల్లాలో ఒక సున్నపురాయి గని పని ముగిసింది. తవ్విన గోతిని పూడ్చి, నల్లమట్టి పరచి, భూములను రైతులకు తిరిగి అప్పగించాలని ఒప్పందం. నేల సాగుకు యోగ్యమని మన కేంద్రం నివేదిక ఇస్తే, రైతులు సంతకాలు చేస్తారు. సంతకం పడితే గని యాజమాన్యం బాధ్యత తీరిపోతుంది. జానయ్య అనే రైతుకు అక్కడ నాలుగెకరాలు, అంతకు మించి భూమ్మీద గజం జాగా లేదు.

అప్పుడు ఇంద్రాణి గారు జ్వరంతో మంచం పట్టారు. నన్ను పంపుతూ ఫోనులో మరీ మరీ చెప్పారు: "యంత్రంతో తవ్విన గోడను నమ్మకండి. చెక్కి చూడండి." నేను చెక్కలేదు. పొద్దు వాలుతోంది, తిరుగు బస్సు పోతుందన్న తొందర నాది. వానకు తడిసిన పైమట్టి యంత్రం బకెట్‌కు అంటుకొని గోడ పొడవునా పూసుకుపోయిందని నాకు తట్టనే లేదు. నిగనిగలాడే ఆ పూత మీదినుంచే నమూనాలు గీకి, అయిదడుగుల నల్లమట్టి అని రాసుకొచ్చాను. నన్ను నమ్మి వారు సంతకం చేశారు.

శుక్రవారం రైతుల సంతకాలనగా, బుధవారం జానయ్య ఫోన్ చేశాడు.

"మేడమ్, పైకి నల్లగనే కనవడ్తున్నది గని గడ్డపార దిగుతలేదు. జర మీరే ఒచ్చి చూడుండ్రి."

జ్వరం పూర్తిగా తగ్గకుండానే, నన్ను వెంటబెట్టుకొని వారు బయలుదేరారు. గుంతలోకి దిగి, కత్తితో గోడను పైనుంచి కిందికి చెక్కారు. తొమ్మిదంగుళాలు నల్లమట్టి. ఆ కింద, బండి చక్రాలకు అణిగి గచ్చులా బిగిసిన తెల్లటి సున్నపురాయి ముక్కలు. వేరు చొరదు, నీరు ఇంకదు.

"నాది తప్పైంది మేడమ్. నా పేరే రాయుండ్రి," అన్నాను.

"సంతకం ఎవరిదండీ? నాదేగా?" అన్నారు వారు, గుంతలోంచి తలెత్తకుండానే.

ఆ సాయంత్రమే నివేదికను వెనక్కి తీసుకుంటూ ఉత్తరం పంపారు. పరిశీలనలో పొరపాటు తమదేనని రాశారు, నా ప్రస్తావన ఒక్క అక్షరం లేదు. శుక్రవారం సంతకాలు ఆగాయి. పై అధికారులు వారిని సంజాయిషీ అడిగారు, రావలసిన పదోన్నతి మూడేళ్ళు నిలిచిపోయింది, "ఇన్నేళ్ళ అనుభవం ఇదేనా?" అని వారిని నిండు సభలో నిలదీశారు. వెనుక వరుసలో కూర్చున్న నేను నోరు విప్పలేదు. ఛీ, ఆనాటి నన్ను తలచుకుంటే నాకే ఒళ్ళు మండుతుంది.

అయితేనేం, గెలిచింది వారే! యాజమాన్యం దిగివచ్చింది. బిగిసిన పొరను పొడవాటి ఉక్కు పళ్ళతో చీల్చారు, గని తవ్వే ముందు తీసి దాచి ఉంచిన పైమట్టిని మూడడుగుల మందాన పరిచారు, మూడు వానాకాలాలు పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి నేలలో కలియదున్నారు. 2020లో మళ్ళీ గుంత తవ్వి, ఈసారి నా చేతనే గోడ చెక్కించారు. నాలుగడుగుల లోతున కంది వేరు, దాని పక్కనే ఒక వానపాము! జానయ్య గుంతలోకి దూకి, "దిగింది మేడమ్, వేరు దిగింది!" అని కేకలు వేశాడు. ఎన్నడూ కంటతడి పెట్టని ఇంద్రాణి గారు అక్కడ పైటచెంగు కళ్ళకు అద్దుకున్నారు. ఇప్పుడు ఆ నాలుగెకరాల్లో ఆరో పంట నిలిచి ఉంది. పూడ్చిన గనులన్నింటికీ గోడ చెక్కిన తర్వాతే నివేదిక అన్నది మన కేంద్రంలో నియమమైంది.

ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న ఆ మహనీయురాలికి, గంగాధరరావు గారి సాహచర్యంలో నిండు నూరేళ్ళ ఆయురారోగ్యాలు, నిశ్చింతమైన నిద్ర, కోరుకున్నన్ని ప్రయాణాలు కలగాలని మనసారా ప్రార్థిస్తున్నాను. కానుకగా శాలువా కప్పాలని సహోద్యోగులు నిశ్చయించారు. నా కానుక వేరు. 2016 నాటి ఆ దస్త్రంలో, "గోడ చెక్కనిది నేను" అని రాసి, నిన్న ఉదయం నా సంతకంతో ఒక కాగితం చేర్చాను. మేడమ్, మీరు కోప్పడతారని తెలుసు. కోప్పడండి, కానీ ఆ కాగితం మాత్రం తీయించకండి.