కూసున్న గంటలకు కూలి

"అవ్వా, నాలుగు దినాల్నుంచి మధ్యాన్నం కన్నే మూయడం ల్యాదంట? ఖాజాబీ సెప్పింది. కాలు నొప్పా?"

కాలు నొప్పికి కాదులే పాపా. తుంటెముక ఇరిగి ఆర్నెల్లాయె, అది నొయ్యక ఏంజేస్తాది. దానికీ నిద్రకూ సంబంధం ల్యా. కూసో, సెప్తా. ఆ ఫోను పక్కనబెట్టు. ఖాజాబీ ఇంటికి పోయిందా? పోయుంటాదిలే, ఆరు దాటె గదా. ఆమె ముందర ఈ మాట సెప్పేది కాదు.

మొన్న ఆదివారం గుడిలో ప్రార్థన అయి వచ్చినాక నువ్వూ మీ ఆయనా ముందరింట్లో కూసోని, నన్ను సూసుకునేదానికి ఖాజాబీకి గంటకింత అని లెక్క తేలుస్తాంటిరే, అదంతా నాకు ఇనబడె. కాళ్లు పోయినాయి గానీ చెవులు బాగుండాయి నాకు. గవర్నమెంటు రేటు యాడనో సూసినావు. నెల జీతాన్ని ముప్పైతో భాగించకూడదు, ఇరవై ఆరుతో భాగించల్ల, వారానికొక సెలవు జీతంలోనే ఉంటాది అంటివి. దాన్ని మళ్లా ఎనిమిదితో భాగిస్తే గంట కూలి, ఎనిమిది గంటలు దాటితే రెండింతలు అంటివి. నాకు శానా సంతోషమాయె. మీ తాత ఉండింటే పిల్చి సెప్పేదాన్ని, సూడప్పా నీ మనవరాలు ఎంత న్యాయంగా మాట్లాడుతాందో అని.

అంతలోకి మీ ఆయన అడిగె, అవ్వ మధ్యాన్నం నిద్రపోయే రెండు గంటలు ఆమె ఊరికే కూసోనుంటాది గదా, అవి కూడా లెక్కనా అని. నువ్వేమంటివి? ఆ రెండూ తీసేద్దాంలే అంటివి. అన్యావా ల్యా? ఆఁ. నిన్ను తప్పుబట్టడం ల్యా, ఇంకా ఆమెకు సెప్పల్యా గదా మీరు. అందుకే ఇప్పుడే నా మాట ఇను అంటాండా.

నాకు పెండ్లయి సింహాద్రిపురం పక్కకు పోయినప్పటి సంగతి. మా నాయన జమ్మలమడుగులో ఆసుపత్రి తోటకు నీళ్లు పోసేవాడు. గంట కొడితే పనిలోకి, గంట కొడితే ఇంటికి. ఆ చీనీ తోటల్లో, బత్తాయిలంటారే మీరు, వాటిల్లో గంట యాడుండాది? పొద్దున పులివెందుల బస్సు ఊర్లోకి వస్తే పని మొదులు, మాపటేల గొర్లు దొడ్డికి వస్తే పని సాలు. బస్సు లేటయితే మాకు లాభం, గొర్లు లేటయితే ఆసామికి లాభం. ఆడోళ్లకు ఐదు రూపాయలు, మొగోళ్లకు ఎనిమిది. స్టోరు బియ్యం కిలో రెండు రూపాయలకు వస్తాండె అప్పుడు. చీనీకాయలు ఎంత అనేది గ్యాపకం ల్యా, మనం కొని తింటే గదా.

ఏం సెప్తాంటి? ఆఁ, నీళ్లు. కలుపుకు పోతే దినం కూలి. నీళ్లు కట్టేదానికి పోతే మాత్రం మోటరు తిరిగినంతసేపే కూలి. అది ఆ ఊరి కట్టుబాటు. కరెంటు ఎప్పుడొస్తాదో ఎవురికీ తెలీదు. వచ్చిన పాటున మడవ తిప్పల్ల, ల్యాకుంటే నీళ్లన్నీ ఒక్క పాదులోకే పోతాయి. అందుకని పొద్దున్నే పోయి మోటరు కొట్టం కాడ కూసుంటాంటిమి. కూసున్నదానికి పైసా ల్యా.

ఒక ఎండాకాలం నేనూ, నా తోడికోడలు మరియమ్మా ఓబులప్ప తోటకు పోతిమి. ఓబులప్ప అంటే గొర్లోళ్లాయప్ప, గొర్లన్నీ అమ్మి బోరేసి చీనీ పెట్టినోడు. మరియమ్మకు ఇంటికాడ మూడు నెలల బిడ్డ. కరెంటు రాల్యా. ఎంతసేపటికీ రాల్యా. పాలు సేపుకొచ్చి మరియమ్మకు రవికంతా తడిసిపాయె. పైట కప్పుకోని, తల దించుకోని కూసోనుంది.

మరియమ్మ లేసి, "అప్పా, కరెంటు వచ్చేలోపల ఇంటికి పోయి బిడ్డకు పాలిచ్చి వస్తా" అనె.

"నువ్వు పోయినంక కరెంటు వస్తే మడవ ఎవురు తిప్పల్లమ్మా?" అనె ఆయప్ప.

"అట్లయితే నేను ఊరికే కూసోని ల్యా అప్పా. నువ్వు కూసోబెట్టుకోనుండావు."

అంతకు ముందు ఎవురూ ఆ మాట అనల్యా మరి. నేనూ కూసోనే ఉండాను గదమ్మా, నాకెవురిస్తారు కూలి అనె ఆయప్ప. అబద్ధమేం గాదు, ఆయన కండ్లూ తీగల మీదనే ఉండె. మరియమ్మ, "చెట్లు నీయి గదప్పా" అనె.

మరుసటి దినం మేం పోయేతలికి కొట్టం పక్క యాపచెట్టుకు పంచెతో ఉయ్యాల కట్టిపెట్టినాడు. బిడ్డను ఈడికే తెచ్చుకోమ్మా అనె. దినామూ ఇంటికాడ్నుంచి సెంబుడు మజ్జిగ పంపిస్తాండె. ఆ బిడ్డే మీ యేసుదాసు చిన్నాయన, పొద్దుటూరులో ఆటో తోలుతాడే, ఆయప్పే. మోటరు సద్దులో పెరిగినోడు, ఈ పొద్దుకీ ఆ సద్దు ల్యాకుంటే నిద్ర రాదంటాడు.

అయితే కూలి? అది మోటరు తిరిగినంతసేపే. మారల్యా. మేమూ మళ్లా అడగల్యా. ఆ మజ్జిగ తాగినాక, ఆ ఉయ్యాలలో బిడ్డను పండబెట్టినాక ఇంక అడిగేదానికి నోరు రాల్యా. మరియమ్మ సచ్చిపోయేదాక అంటాండె నాతో, ఓబులప్ప మంచోడేలే అక్కా, అయినా మంచితనం ఏరే, కూలి ఏరే అని.

నువ్వూ మంచిదానివే. రంజానుకు ఖాజాబీకి చీర పెట్టినావు, ఆమె బిడ్డకు పరీక్ష ఫీజు కట్టినావు. రేపు రెండు గంటలు కోసినా ఆమె నోరు తెరిచి ఒక్క మాట అనదు. ఆమెకు నెలబెట్టి వచ్చేదే ఈ దుడ్లు, ఇంటి బాడిగా దాంట్లోనే కట్టల్ల. ఇచ్చేది ఇయ్యి, పెట్టేది పెట్టు. ఒకదాంట్లో ఇంకోటి కలపాకు.

నవ్వాకు. ఇప్పుడు తెల్సిందా ఎందుకు పండుకోవడం ల్యాదో? నేను కన్ను మూస్తే ఆమె కూలికి కోత గదా. అందుకని మేలుకోనుండా. నీళ్లు తాపు అంటా, కాలు జరుపు అంటా, దుప్పటి తీయి అంటా, మళ్లా కప్పు అంటా. పాపం ఆమెకే పని ఎక్కువాయె. పండుకో అవ్వా, పండుకో అని ఒకటే బతిమాలుతాంది.

ఇంకోటి ఉండాది. ఇది మీకు సెప్పల్యా. ఆర్నెల్ల కింద పడితినే, ఆ పొద్దు ఇంట్లో ఎవురూ ల్యారు. మీరు ఆఫీసుల నుంచి వచ్చేదాక బండల మీదనే ఉంటి. అర్సినా, ఎవురికి ఇనబడతాది? ఆసుపత్రి నుంచి వచ్చినాక కూడా పగటిపూట కన్ను మూస్తే సాలు, ఆ బండల మీదనే ఉన్నట్లుండె నాకు. భయం. ఖాజాబీ వచ్చి ఆ కిటికీ కాడ కుర్చీ ఏసుకోని కూసున్నాకే నిద్ర పట్టింది. ఊరికే కూసోనుంటాది అంటిరే, ఆమె కూసోనుంటేనే పాపా నాకు నిద్ర.

ఏంది, కండ్లు తుడుసుకుంటాండావు? దీనికేమాయెలే. ఫోను తీసినావా? మళ్లా లెక్క యేస్తాండావా? ఆ రెండు గంటలూ కలుపు. పొద్దున్నే వచ్చి సాయంత్రం పోయేదాక ఎనిమిది దాటుతాయి, రెండింతలు అని నువ్వే అంటివి, అదీ సూడు. మీకు బరువైతే నా పింఛనీ ఉండాది, నేనేం జేసుకుంటా దాన్ని.

దేవుడు నిన్ను సల్లగా సూడల్ల. నీకు పనిచ్చేవాళ్లు కూడా నీ గంటలు సక్కగా లెక్కబెట్టల్ల. సరే, ఆ దుప్పటి కొంచెం పైకి లాగు... నాలుగు దినాల నిద్ర, కండ్లు మండుతాండాయి. రేపు మధ్యాన్నం అయితే... ఖాజాబీకి సెప్పు, రేపు మధ్యాన్నం అవ్వ పండుకుంటాదని...