ఆకుల మీద చన్నీళ్ళు

నా పేరు, చిరునామా ముందు పేజీలో రాసుకున్నారు కాబట్టి మళ్ళీ చెప్పడం లేదు. వయసు యాభై రెండు. గృహిణిని. నా భర్త రైల్వేలో గార్డు, ఈ వారమంతా డ్యూటీ మీద బయట ఉన్నారు. భార్య కనిపించడం లేదని గురువారం ఈ స్టేషనులో ఫిర్యాదు ఇచ్చినవాడు నా సొంత తమ్ముడు. కనిపించకుండా పోయిన మనిషి నా మరదలు. వాళ్ళకు పిల్లలు లేరు. ఇన్‌స్పెక్టరుగారు అడుగుతుంటే నేను చెబుతున్నాను, రైటరుగారు రాసుకుంటున్నారు. ఇలా చెప్పమని నన్నెవరూ బెదిరించలేదు. వేరేలా చెప్పమని మాత్రం ఒకరు అడిగారు. ఆ సంగతి దాని వరసలో చెబుతాను.

ఇన్‌స్పెక్టరుగారు మొదట అడిగింది మంగళవారం గురించి. మంగళవారం పొద్దున తన భార్య మా ఇంటికి వచ్చి మొక్కల మట్టి పట్టుకెళ్ళిందని, బుధవారం తను ఆఫీసులో ఉన్నప్పుడు ఇల్లు వదిలి వెళ్ళిపోయిందని తమ్ముడు ఫిర్యాదులో రాశాడు. వాడు సరుకు రవాణా ఆఫీసులో మేనేజరు. బుధవారం పొద్దుటి నుంచి చీకటి పడేదాకా అక్కడ పదిమంది మధ్యనే ఉన్నాడట. సోమవారం, మంగళవారం మాత్రం సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. అందుకని మంగళవారం ఆమెను బయటివాళ్ళెవరైనా చూశారా అన్నదే ముఖ్యమని ఇన్‌స్పెక్టరుగారు అన్నారు. చూశానని చెప్పవలసింది నేనొక్కదాన్నే. అది నాకు అర్థమైంది. కానీ వరసగా తప్ప నాకు చెప్పడం రాదు. పోయిన శనివారం నుంచి మొదలుపెడతాను.

నేనూ నా మరదలూ ఆఫ్రికన్ వయొలెట్లు పెంచుతాం. అరచేతిలో పట్టే కుండీల్లో, ఇంటి లోపల, ట్యూబులైట్ల కింద పెరిగే మొక్కలవి. ఆకుల మీద సన్నటి నూగు ఉంటుంది. ఏటా మొక్కల సంఘం వాళ్ళు పోటీ పెడతారు. ఆకులు పళ్ళెంలా గుండ్రంగా, మధ్యలో సందు లేకుండా పరుచుకుని ఉండాలి. పూలన్నీ ఒకేసారి విచ్చుకుని ఉండాలి. ఆకు మీద ఒక్క మచ్చ ఉన్నా జడ్జీలు మార్కులు కోసేస్తారు. దుమ్ము తుడవడానికి మెత్తటి కుంచె వాడతాం. నా మరదలు ఆ కుంచెను జుట్టు ముడిలో గుచ్చుకుని తిరుగుతుంది. బజారుకు కూడా అలాగే వెళుతుంది. సంఘంలో అందరూ ఆమెను కుంచమ్మ అంటారు. నేనూ అలాగే పిలుస్తాను.

శనివారం భోజనాలయ్యాక నేను వాళ్ళింటికి వెళ్ళాను. తమ్ముడు ఇంట్లో లేడు. మొగ్గలు గిల్లడానికి వెళ్ళాను. పోటీకి ఇంకా మూడు నెలలుంది. ఇప్పటి నుంచి కొన్ని వారాలపాటు వచ్చిన మొగ్గనల్లా గిల్లేసి ఆ తరువాత వదిలేస్తే, అప్పుడు పూలన్నీ కలిసి వస్తాయి. మనసొప్పని పని అది. కుంచమ్మ గిల్లుతూ వాటితో మాట్లాడుతుంది.

“పోటీ రోజు రావే అంటే ఇవాళ వచ్చి కూర్చున్నావా? నడు, నడు.”

నా మొక్కల గురించి అంది: “మీవి బడికెళ్ళే పిల్లల్లా బుద్ధిగా నిలబడతాయి వదినా. నావి మీ తమ్ముడి లాగే, ఎటు బుద్ధి పుడితే అటు.”

“వాణ్ణి పెంచిందీ నేనేగా,” అన్నాను.

“ఆకు వంకర పోతే పక్కన పుల్ల గుచ్చి తిప్పుతారు. మీ తమ్ముడికి ఎక్కడ గుచ్చారు పుల్ల?”

ఇద్దరం నవ్వాం. ఈ మాట రాయాలా అని రైటరుగారు అడిగారు. రాయమన్నాను. వెళ్ళిపోవాలనుకున్న మనిషి మూడు నెలల తరువాతి పూల కోసం మొగ్గలు గిల్లుతూ కూర్చోదు. నాకు తెలిసినంతలో కూర్చోదు.

భార్యాభర్తల మధ్య గొడవలున్నాయా అని అడిగారు. వాళ్ళ నాలుగు గోడల మధ్య ఏం జరిగిందో నేను చూడలేదు. చూసింది ఒకటి చెబుతాను. పోయిన ఏడు పోటీకి మూడు రోజులుందనగా తమ్ముడు ఆమె మొక్కలన్నీ డాబా మీదికి మోసుకెళ్ళి మిట్ట మధ్యాహ్నం ఎండలో పెట్టాడు. వీటి మీద నేరుగా ఎండ పడకూడదు. నేను వెళ్ళేసరికి ఆకులన్నీ ఉడికించినట్టు అయిపోయాయి. పొరపాటున తనే పెట్టి మరిచిపోయానని ఆమె సంఘం వాళ్ళకు చెప్పింది. నాతో మాత్రం, “మీ తమ్ముడికి నా మీద కోపమొస్తే మొక్కల మీద తీర్చుకుంటారు. నా మీద తీర్చుకోవడం కన్నా నయమేగా వదినా,” అంది. ఆ ఏడు కప్పు నాకు వచ్చింది.

ఆదివారం సాయంత్రం నాలుగు దాటాక ఆమె మా ఇంటికి వచ్చింది. మట్టి కోసం వచ్చింది. కొబ్బరి పీచు పొడి, బొగ్గు రజను కలిపి జల్లించి నేనే తయారుచేస్తాను. ఆ సాయంత్రమే మూడు మొక్కలను కొత్త కుండీల్లోకి మార్చాలని, కుండీలు నానబెట్టి వచ్చానని చెప్పింది. మట్టిని సంచిలో పోసి, ముడి వేసి, తాడు కొసలు లోపలికి దోపి ఇచ్చాను. నేను ఏ సంచి కట్టినా అలాగే కడతాను. కూర్చోమంటే కూర్చోలేదు. గుమ్మం దిగుతూ, “ఆ కప్పు తుడిచి ఉంచండి. ఈసారి వచ్చి పట్టుకుపోతాను,” అంది. కుంచె జుట్టులోనే ఉంది. నేను ఆమెను చూడడం ఆ సాయంత్రమే ఆఖరు. అది ఆదివారమని ఎలా చెప్పగలరని అడిగారు. ఆదివారం మా పాలవాడు రాడు. పాలకు నేనే వెళ్ళాలి. ఆమెతోపాటే గిన్నె పట్టుకుని సందు చివరిదాకా నడిచాను.

మంగళవారం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మా వంటింట్లో ప్లంబరు తూము బాగు చేశాడు. తలుపు తీసి ఉంచి, నేను అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పనివాణ్ణి వదిలి లోపలికి వెళ్ళే అలవాటు నాకు లేదు. మధ్యాహ్నం తరువాత కూడా నేను గుమ్మం దాటలేదు. ప్లంబరును పిలిచి అడగవచ్చు.

గురువారం పొద్దున తమ్ముడు ఫోను చేశాడు. “అక్కా, మీ కుంచమ్మ వెళ్ళిపోయింది,” అన్నాడు. నేను వెంటనే వెళ్ళాను. బట్టల సంచి ఒకటి కనిపించడం లేదని, ఈ ఇల్లూ ఈ మొక్కలూ విసుగెత్తాయని మంగళవారం తనతో అన్నదని చెప్పాడు. నేను ఇల్లంతా చూశాను. నేను కట్టిన మట్టి సంచి గుమ్మం లోపల చెప్పుల పక్కన ఉంది. నేను వేసిన ముడి అలాగే ఉంది. కొసలు లోపలికి దోపినవి దోపినట్టే ఉన్నాయి. స్నానాలగదిలో బకెట్లో మూడు కుండీలు నానుతున్నాయి. కుంచె కోసం వెతికాను. ఇంట్లో ఎక్కడా లేదు. మొదట కొంచెం ధైర్యం కలిగింది, తనతో తీసుకెళ్ళి ఉంటుందని. ఎక్కడున్నా, ఎలా ఉన్నా అది ఆమె జుట్టులోనే ఉండి ఉంటుందని తరువాత తోచింది. అప్పుడు ధైర్యం పోయింది.

ఆ తరువాత మొక్కల గదిలోకి వెళ్ళాను. అరల మీద ఉన్న ప్రతి మొక్కకూ ఆకుల మీద మచ్చలున్నాయి. పాలిపోయి, ఉంగరాల్లా. ఒక్కటి కూడా మిగల్లేదు. చన్నీళ్ళు ఆకు మీద పడితే ఒకటి రెండు రోజుల్లో ఈ మచ్చలు తేలతాయి. ఇక పోవు. కుంచమ్మ వీటికి పైనుంచి నీళ్ళు పోయనే పోయదు. కుండీ అడుగున వత్తి ఉంటుంది, వత్తి కొస కింద డబ్బాలో ఉంటుంది, డబ్బాలో ముందురోజు పట్టి ఉంచిన నీళ్ళుంటాయి. మొక్క తనకు కావలసినంత తాగుతుంది. డబ్బాలన్నీ ఎండిపోయి ఉన్నాయి. ఆకులు మాత్రం తడిశాయి. ఆకుల మీద చన్నీళ్ళు పోశారు.

“ఈ నీళ్ళెవరు పోశార్రా?” అని అడిగాను.

“ఇంకెవరు పోస్తారు? అదే పోసింది. మంగళవారం నా ఎదురుగానే పోసింది.”

“పైనుంచా?”

“నీళ్ళు పైనుంచి కాక ఎక్కణ్ణుంచి పోస్తారక్కా? పెళ్ళాం కనపడక నేను చస్తుంటే నీకు మొక్కల గోలేంటి?”

డబ్బాల్లో నీళ్ళు నింపి వచ్చాను.

కంగారులోనో దిగులులోనో ఆమే అలా పోసి ఉండవచ్చు కదా అని ఇన్‌స్పెక్టరుగారు అడిగారు. పోసి ఉండదని చెప్పాను. ఆమె జ్వరంతో లేవలేనప్పుడు నేను వెళ్ళి ఆ డబ్బాలు నింపాను. మంచం మీద నుంచే, “ఆకు తడపకండి వదినా, ఆకు తడపకండి,” అని ప్రతి మొక్క దగ్గరా నాకు చెప్పింది. నాకు తెలియదా అంటే, తెలిసినా చెబుతాను అంది.

శుక్రవారం తమ్ముడు మా ఇంటికి వచ్చాడు. టీ ఇచ్చాను. తరువాత ఇలా అన్నాడు.

“అది ఆదివారం వచ్చింది కదా మట్టికి. అదే, మంగళవారం వచ్చిందని చెప్పు. నేను అలాగే రాసిచ్చేశాను.”

“ఆదివారం ఆదివారమేరా.”

“రెండు రోజులక్కా. రెండే రోజులు. అటూ ఇటూ అయితే ఎవడికి గుర్తుంటుంది?”

“నాకు గుర్తుంటుంది.”

“నీకు గుర్తుంటుందని అందరికీ తెలుసు. అందుకేగా నువ్వు చెబితే నమ్మేది.”

ఇది వాడన్న మాటే. ఒక్క అక్షరం కలపలేదు.

ఆకుల మీద మచ్చల సంగతి కూడా పోలీసులు అడుగుతారేమో చూసుకో అన్నాను. “ఆ నీళ్ళు నేనే పోశాలే, సోమవారం. ఎండిపోతే మళ్ళీ నువ్వే అరుస్తావని,” అన్నాడు. కుంచమ్మ ఇంట్లో ఉండగా నువ్వెందుకు పోశావని అడిగాను. వాడు నా వంక చూశాడు. జవాబు చెప్పలేదు. మా అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్ళు. అన్నం తినను అన్నప్పుడు అలాగే చూసేవాడు.

“నన్ను పెంచింది నువ్వే కదక్కా,” అన్నాడు.

“అవును,” అన్నాను.

టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. ఆ టీ కప్పు కడిగాను. బోర్లించి, తీసి, మళ్ళీ కడిగాను.

ఆమెకు ఏమై ఉంటుందని మీ ఉద్దేశం అని ఇన్‌స్పెక్టరుగారు అడిగారు. నేను చూడలేదు. నేను చూడనిది చెప్పను. నా తమ్ముడు ఏదో చేశాడని నేను ఇక్కడ అనలేదు, అన్నట్టు రాయవద్దు. ఆదివారం సాయంత్రం తరువాత ఆమె ఆ మట్టి సంచి విప్పలేదు. సోమవారం నీళ్ళు ఆమె పోయలేదు. మంగళవారం మా ఇంటికి రాలేదు. ఈ మూడూ చెబితే మీ తమ్ముడి గతి ఏమవుతుందో తెలుసా అని అడిగారు. తెలుసు. శుక్రవారం నుంచి ఈ పూట దాకా ఆ ఒక్కటే ఆలోచించాను. ఆమె బతికి ఉంటే బుధవారం నుంచి కాదు, ఆదివారం నుంచి వెతకాలి. ఎక్కడ వెతకాలన్నది కూడా దాన్ని బట్టే మారుతుంది. నేను రెండు రోజులు జరిపితే మీరు రెండు రోజులు తప్పు దారిలో వెతుకుతారు. అందుకే చెబుతున్నాను.

ఇంటికి ఎలా వెళతారని అడిగారు. నన్ను ఇక్కడికి తీసుకొచ్చింది తమ్ముడే. బయట కారులో కూర్చుని ఉన్నాడు. దారి పొడుగునా మంగళవారం, పొద్దున పదింటికి అని నాతో అనిపించాడు. నేను అన్నాను, కారులో అన్నాను. నేను వాడితో వెనక్కి వెళ్ళను. నన్ను వేరే ఎవరైనా దింపాలి. ఆ మాట వాడికి నేను చెప్పలేను. మీరే చెప్పాలి. వాడు పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, అది కూడా చూడండి.

ఇది నేను నా తెలివిలో ఉండి, నా నోటితో చెప్పినది. రైటరుగారు మొత్తం చదివి వినిపించారు. మంగళవారం విషయం దగ్గర ఒకచోట “వచ్చినట్టు గుర్తు లేదు” అని రాసి ఉంది. అలా ఉంటే నాకే మంచిదని, తరువాత ఇబ్బంది ఉండదని ఆయన నెమ్మదిగా చెప్పారు. దాన్ని కొట్టించి “రాలేదు” అని రాయించాను. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది. కొట్టివేత పక్కన ఒకటి, కింద ఒకటి, రెండు సంతకాలు చేశాను.

(సంతకం)