ఇరవై కాన్పుల సంతకం

ఆళ్లగడ్డ చిన్నాసుపత్రిలో బిడ్డ పుట్టి అరగంటయింది. మాయ పడలేదు, రక్తం ఆగలేదు. డాక్టరు సాక్ష్యం చెప్పడానికి పొద్దున్నే నంద్యాల కోర్టుకు పోయాడు. నడుమ వాగు పొంగి బస్సులు ఆగిపోయాయి. పెద్ద కాలేజీ నుంచి నెల రోజుల శిక్షణకని వచ్చిన వైద్య విద్యార్థి, ముసలి నర్సమ్మ చూపు తనమీదే ఉండడం చూసి గోడకు జరిగాడు.

"చెయ్యి పెట్టి మాయ తియ్యల్ల నాయనా. బేగా కానీ."

"నేనా? మీరుండారు గదా నర్సమ్మా!"

"నా ఏలు సూడు. గోరుచుట్టు లేసి చీము కారతాంది. రబ్బరు తొడుగులు జూస్తే చినిగిపోయినాయి. ఈ చెయ్యి పెడితే ఆ బాలింతకు విషమెక్కుతాది."

"డాక్టరుకు కబురంపితే?"

"వాగు దాటి ఎవురు పోతారప్పా? పెద్దాసుపత్రిలో ఎన్ని కాన్పులు జేసినావు?"

"ఇరవై. కేసు పుస్తకంలో ప్రొఫెసరు సంతకం గూడా ఉంది."

"పుస్తకంలో గాదు. చేత్తో?"

అతను తలుపు దిక్కు చూశాడు.

"చెప్పు నాయనా, బాలింత చల్లబడతాంది."

"మంచం సుట్టూ నలభై మందిమి నిలబడతాంటిమి. నాది యనక వరస. ముందరోళ్ల ఈపులే సూసినా. సంతకాలు మాత్రం అందరికీ పెట్టినారు."

"ఒగటి గూడా చెయ్యలేదా?"

"ఒగటి గూడా లే."

మంచం మీది మనిషి నీళ్లడిగింది. ఆ గొంతు ఇందాకటికంటే సన్నగా ఉంది.

"సబ్బు తీసుకో. మోచేతి దాకా రుద్దు. నేను చెప్తాంటా, నువ్వు చేస్తాండు."

"తప్పు జేస్తే ఎట్ల నర్సమ్మా?"

"నేను సూస్తాంటా. ఈడ ముందర వరసా నువ్వే, యనక వరసా నువ్వే."