సన్న సప్పుడు

గది కాదు తమ్మీ, గది కాదు! డబ్బ మీది బొమ్మ నాకు సూపియ్యకు. బొమ్మ సూసి కొనెటందుకు ఇదేమన్న చీరెనా? బయటికి తియ్యి. బోర్ల తిప్పు. అగో, నడుమ పెద్ద తొర్ర, సుట్టు సన్న సన్న తొర్రలు. గా సన్న తొర్రల ఎనుక నల్లగ రబ్బరు కనవడాలె. ఏదీ? ఒట్టి రేకు కనవడ్తుంది. పక్కకు పెట్టు.

నవ్వుతున్నవా? నవ్వు నవ్వు. జగిత్యాలల నీది నాలుగో దుకాణం. మొదటి మూడు దుకాణాలోళ్లు గూడ నవ్విండ్రు. ఆడమనిషి ఆయిల్ ఫిల్టర్‌ను తిర్లమర్ల తిప్పి సూస్తే గంత నవ్వస్తదా మీకు!

మాది కోరుట్ల తమ్మీ. అంగళ్లు తిరుగుతం. లంగలు, లుంగీలు, తువ్వాలలు అమ్ముతం. ఒకనాడు కథలాపూర్, ఒకనాడు కొడిమ్యాల. అగో, రోడ్డవతల, మీ అద్దాల తలుపుకు ఎదురుంగ, తెల్ల వ్యాను. అండ్ల కూసున్నడే, ఆయినెనే మీ బావ. శ్రీశైలం. ఎండల ఉడుకుతున్నడు పాపం. లోపటికి నేనే రావద్దన్న. ఎందుకంటవా? చెప్త, ఆగు. ముందుగాల ఇంకోటి తియ్యి.

పొద్దుగాల ఐదింటికి బండి తాళం తిప్పుతడు. తిప్పుడే ఆలస్యం, కటకటకటకట! నాలుగు లెక్కవెట్టేంత సేపే. మల్ల బంద్. దినమంత ఎంత నడిపినా ఏ సప్పుడు ఉండది. ఏదో సాకు చెప్పి మెకానిక్ దగ్గరికి పోతె అప్పటికే ఇంజన్ కాగి ఉంటది, ఇంక యాడి సప్పుడు? "అక్కా, నీ చెవులల్ల ఏమన్న పడ్డదా?" అంటడు.

నేనేమన్న తక్కువ తిన్ననా? ఫోన్ల రికార్డు చేసిన. మొన్న తీస్కపోయి లింగన్నకు ఇనిపిచ్చిన. కోరుట్లల పాత మెకానిక్ ఆయన. ఒక్కసారి ఇన్నడు, "ఫిల్టర్ల రబ్బరు లేదు చెల్లే" అన్నడు. రాత్రంత బండి నిలవడ్తె ఫిల్టర్ల ఆయిల్ కిందికి జారుతదట. పొద్దుగాల అది మల్ల పైకి ఎక్కేదాంక ఇంజన్ ఒట్టిగనే కొట్టుకుంటదట.

అర్థం కాకపోవుడేంది! మా నాయిన బాయి మోటరుకు ఫుట్‌వాల్వు పోతె గంతేనాయె. పైపుల నీళ్లు బాయిలకు జారిపొయ్యేటియి. పొద్దున లేస్తె బిందెతోని నీళ్లు పోసి మోటరేసుడు నా పనే. ఫిల్టర్ల రబ్బరు గూడ గా ఫుట్‌వాల్వే అన్నట్టు.

గా రబ్బరు లేని ఫిల్టర్ తెచ్చింది ఎవలనుకున్నవు? ఇంకెవలు, మీ బావనే! నాలుగు నెలల కింద దుకాణంల నిలవడి బొటనవేలితోని రాసి రాసి సూసిండు, గుడ్డ సూసినట్టు. "రంగు పక్కాగున్నది ఉమా, బరువు గూడున్నది" అన్నడు. నేనూ తలకాయ ఊపిన. గప్పుడు నాకు మాత్రం ఏమెర్క?

మరి ఆయినకే చెప్పి మార్పియ్యరాదా అంటవు. గాడనే ఉంది తమ్మీ కత.

మీ బావ సిరిసిల్లల ఇరవై రెండేండ్లు సాంచలు, గదే, బట్ట నేసే కరెంటు మగ్గాలు, నడిపిండు. సాంచల షెడ్డుకు ఎన్నడన్న పోయినవా? పోలే? ఒక్కపారి పో. పక్కన నిలవడ్డ మనిషి ఒర్రినా ఇనవడది. ఆడ అందరు పెదవులు సూసి, చేతులు ఊపి మాట్లాడుకుంటరు. పోగు తెగితె ఒక సైగ, చాయ్ అస్తె ఒక సైగ, అంత మంచిగుంటె అరచెయ్యి ఇట్ల పండవెట్టి సూపుడు. గా సప్పుడుకే చెవులు మొద్దువారినయి. హారన్ ఇనవడ్తది, లారీ ఇనవడ్తది, నేను తిడితె మంచిగ ఇనవడ్తది. గీ సన్న సప్పుళ్లే ఇనవడయి.

సాంచలు ఇడిశిపెట్టి వ్యాను కొన్ననాడు ఒక మాట అన్నడు. "ఉమా, డ్రైవరుకు ఇంజన్ సప్పుడు తెల్వాలె. నాకు తెల్వదన్ననాడు బండి అమ్మేస్త, మల్ల సాంచల్లకే పోత." నవ్వుకుంట అనలే. నిజంగనే అన్నడు.

ఎట్ల పోనిస్త చెప్పు? గా షెడ్డుల మనిషి నవ్వుడు మర్శిండు తమ్మీ. అంగళ్లు తిరగవట్టినంకనే మల్ల నవ్వు నేర్సుకున్నడు. లంగ నాడ ఊడిందని ముసలవ్వ తిరిగి తెస్తె, ఆమెతోని పరాచికాలాడి ఇంకో రెండు అంటగడ్తడు.

అందుకే అబద్ధమాడుతున్న. నాలుగు నెలల సంది. పొద్దుగాల తాళం తిప్పుతడు, నా దిక్కు సూస్తడు, కనుబొమ్మలు ఎగరేస్తడు. సప్పుడున్నదా, అని. అవతల కటకటకట కొట్టుకుంటుంటది. నేనేమో అరచెయ్యి పండవెడ్త. మంచిగుంది, అని.

నా చెవులనే నమ్ముకున్నడాయె. ఆయినకు నేను గిట్ల చెయ్యొచ్చునా? ఇంజన్‌కు గూడ దెబ్బనే గదా, దినాం గట్ల ఒట్టిగ కొట్టుకుంటే? రాత్రి పండుకుంటె గదే సప్పుడు చెవులల్ల ఇనవడ్తది నాకు.

ఇంత కథ మా అక్కకు గూడ చెప్పలే తమ్మీ, నీకు చెప్పిన. ఎందుకో మరి. ఏదీ, గిదియ్యి. ఇగో, నల్లగ కనవడ్తుంది! ఉండుండు, నా కొప్పుల పిన్ను తియ్యని. ఇట్ల మెల్లగ ఒత్తితే... ఆఁ, లోపటికి పోయింది. ఇడిశిపెడితే మల్ల మూసుకుంది! మెత్తగున్నది. గిదే! గిదే తమ్మీ! ఏందట్ల సూస్తవు, రబ్బరు చింపలేదులే.

ఇగ సూడు, దీన్ని లింగన్నతోని ఎక్కిపిస్త. ఆయిల్ మార్సుడని ఏదో ఒకటి చెప్త. పొద్దుగాల మీ బావ కనుబొమ్మలు ఎగరేస్తె, నాలుగు నెలలకు ఒక్కపారన్న నిజంగ చెయ్యి పండవెడ్త. బావకు మాత్రం ఏం చెప్పకు, నీ కాళ్లు మొక్కుత.

ఏంది? ఎటు సూస్తున్నవు? బయటనా?

అయ్యో!

అయ్యో తమ్మీ, నా దిక్కే సూస్తుండు. ఎప్పటి సంది సూస్తుండు? మొదటి నుంచా! చెప్పద్దా ముందుగాల్నే? ఇరవై రెండేండ్లు గా సప్పుట్ల పెదవులు సూసి మాటలు పట్టినోడు ఆయిన! అద్దాల తలుపుకు ఎదురుంగ నిలవడి, నోరంత తెరిశి, నా అంతట నేనే అంత చెప్పుకున్న. నాకు బుద్ధున్నదా!

నవ్వుతుండు సూడు. సిగ్గులేక ఎట్ల నవ్వుతుండో. ఏందీ? స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి సూపిస్తుండు. అదురుతదా? చేతికి తెల్తదా? సాంచ మీద చెయ్యి పెట్టి ఏడ తేడా ఉందో పట్టినట్టు... అంటె నాలుగు నెలల సంది ఎర్కనే నీకు? ఎర్క ఉండి, నేను చెయ్యి పండవెడితె తలకాయ ఊపినవా?

ఎందుకయ్యా? ఆఁ... నా దిక్కే వేలు సూపిస్తుండు. నా అబద్ధం బయటవడ్తె నేను బాధ పడుతనని.

ఏం లేదు తమ్మీ, కంట్ల ఏదో పడ్డది. అగో, రెండు వేళ్లు సూపిస్తుండు సూడు. రెండు తీస్కొమ్మంటుండు. ఇగ దాసేదేమున్నది, రెండియ్యి. రబ్బరు మాత్రం నేనే సూస్త.