దుప్పి వెంట్రుకల పొట్లం

హలో… ఆ, నేనే, శివా. దుకాణంలోనే ఉన్నా… లేదులే, ఈ ఎండకి బేరానికి ఎవురొస్తారు. చెప్పు.

…ఏమన్నారు మీ విజ్ఞానసర్వస్వం వాళ్ళు? నెట్టులో మా తమ్ముడి మీద నువ్వు రాసిన పేజీ ఉంచుతారంటనా, తీసేస్తారంటనా?

…ఇంకా తేలలేదా. ఏడు రోజులు చర్చ అంటివి గదా, ఈ సాయంత్రంతో అయిపోతాదని… ఆ. సరే. ఏం చర్చించినారో చదువు, వింటా.

…"ఈ జీవశాస్త్రవేత్తకు విషయ ప్రాముఖ్యత లేదు." …ఆ మాటే రాసినారా? అట్లనే?

ఊఁ.

…ఇరవై రెండేళ్ళు, శివా. పుల్లలచెరువు మొదలు మీ యర్రగొండపాలెం దాకా అడివంచున తోడేళ్ళ వెంబడి తిరిగినాడు మా ఉమామహేశ్వర్లు. ఈ దుకాణం నా నెత్తిన పెట్టి, పెళ్ళీ పెటాకులూ లేకుండా తిరిగినాడు. ప్రాముఖ్యత లేదంట.

…నీ మీద కోపం కాదు నాయనా. నెట్ సెంటర్లో కూర్చుని నువ్వు రాసినావు గాబట్టే ఆ పేజీ అన్నా పుట్టింది. వాడి మీద ఇంకెవురు ఒక్క ముక్క రాసినారు?

…వాడు రాసుకున్న వ్యాసాలు లెక్కలోకి రావా? …అంటే వాడి పనికి వాడు సాక్షి కాడు. సరే. మరి తోడేళ్ళ మీద ఆ ప్రొఫెసర్ వేసిన పుస్తకం ఉంది గదా, అందులో అంతా మావాడు తెచ్చిపెట్టినదే—

…పేరు లేదు. ఆ, తెలుసు. ఆఖరి పేజీలో ఒక ముక్క ఉంటాది, "స్థానిక సహాయకులకు కృతజ్ఞతలు" అని. సహాయకులంట. కట్టెలు మోసినట్టు.

…పోనీ మీ నాయన చెప్తే? గొర్రెలు మేపే మనిషి కాశయ్యన్న, తోడేలు గుంతలో పొగబెట్టి పిల్లల్ని చంపేది ఎవురి మాట విని మానుకున్నాడు? "నీ గొర్రెల్ని చంపింది తోడేలు కాదన్నా, ఊరకుక్కలు" అని వెంట్రుకలు ముందర పోసి ఒప్పించింది ఎవురు? మీ ఊళ్ళో గొర్రెలోళ్ళు అందరూ చెప్తారు గదా…

…నోటిమాట పనికిరాదు. మరి నేను చెప్తే? …సొంత అక్కని. అసలు పనికిరాను.

బాగుంది. వాడిని ఎరిగినోళ్ళు నోరు మూసుకోవాల. ఎరగనోళ్ళు కూర్చుని తేలుస్తారు.

…ఒక్క నిమిషం శివా. …ఏం కావాలమ్మా? పావుకిలో పెసరపప్పా? కూర్చో, ఫోనులో ఉన్నా, ఇప్పుడే ఇస్తా.

…ఆ, చెప్పు. ఏందో నసుగుతున్నావు… ఒక ఆధారం దొరికిందా? ఎవురికి? …ఆ చర్చలో ఒకామెకా. మంచిదే గదా, మరి గొంతు అట్ల పెట్టినావేంది? …పేపరా? మావాడి గురించి పేపర్లో ఎప్పుడు—

…

ఆ పేపరా.

…చదువు. …లేదు, చదువు శివా. తట్టుకుంటాలే.

…"దుప్పి వెంట్రుకల పొట్లాలతో వ్యక్తి అరెస్టు." …ఊఁ. …"వన్యప్రాణి పరిశోధకుడినని చెప్పుకుంటున్న." చెప్పుకుంటున్న… కానీ. …"పొట్లాలపై మార్కాపురంలోని ఒక కిరాణా దుకాణం పేరు, దుప్పి అనే రాత ఉన్నాయి." …చాలు. చాలు నాయనా.

…ఇది పనికొస్తాదా వాళ్ళకి? …స్వతంత్ర ఆధారం. ఊఁ. మనకేం కాని మనిషి రాసినాడు గాబట్టి.

…కేసు కొట్టేసినారని కింద రాయొచ్చు గదా? …ఏ పేపర్లో వస్తాది? రెండేళ్ళు తిప్పినారు కోర్టు చుట్టూ. కొట్టేసిన రోజు ఒక్క విలేకరి లేడు అక్కడ. ఆర్డరు కాగితం నా దగ్గర ఉంది, ఫోటో తీసి పంపిస్తా… అదీ కుదరదా. పేపరన్నా చెప్పాల, పుస్తకమన్నా చెప్పాల.

…అంటే, పేజీ ఉంటే అరెస్టుతో ఉంటాది. లేదంటే అసలు ఉండదు. అంతేనా?

…నన్ను తేల్చమంటున్నావా.

…

శివా. ఉన్నావా లైన్లో? …ఒక మాట చెప్తా. ఇంతవరకు ఎవురికీ చెప్పలేదు.

వాడు తోడేలు పెంట ఏరుకొచ్చేవాడు గదా. మిద్దె మీద వేరే పొయ్యి పెట్టి ఉడకబెట్టి, టీ జాలిలో కడిగి, అందులో వెంట్రుకలు ఎండేసేవాడు. తోడేలు ఏం తిన్నదో వాటిని బట్టి తెలుస్తాదంట. ఇది దుప్పిది, ఇది గొర్రెది అని వాడు చెప్తే, దుకాణం కవర్లలో పోసి పైన రాసేది నేను. వాడి రాత కోడి గెలికినట్టు ఉంటాది… ఆ, అవును. నా రాతే.

వాడేం రాయమన్నాడో తెలుసా? "తోడేలు పెంట, ఏ ఊరు, ఏ తేదీ, అందులో దుప్పి వెంట్రుకలు." అంతా రాయమన్నాడు. నేను నంబరేసి దుప్పి అని మాత్రం రాసినా.

…ఎందుకా? నాయన పేరు అచ్చేసిన కవరు శివా. పసుపూ కుంకుమా పోసిచ్చే కవరు. దాని మీద పెంట అని ఎట్ల రాసేది? చెయ్యి రాలేదు. అమ్మ చూస్తే గోల చేస్తాదని భయం ఒకటి. "మనకు తెలుసు గదరా, చాల్లే" అన్నా. వాడు నవ్వి ఊరుకున్నాడు.

…ఫారెస్టు చెక్‌పోస్టులో బ్యాగు తెరిచినోళ్ళకి దుప్పి అనే కనిపించింది, వేటగాడనుకున్నారు. తోడేలు పెంటలోది సార్ అంటే, ఎక్కడ రాసుంది చూపించు అన్నారంట.

…ఓదార్చబాక. ఇంటి దగ్గర అందరూ అధికారులనే తిట్టినారు, నేనూ వాళ్ళతో కలిసి తిట్టినా. ఆ తర్వాత అధికారులు వాడిని మళ్ళీ అడివిలోకి పోనియ్యలేదు. కేసు కొట్టేసిన ఏడాదికి కామెర్లతో పోయినాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఇప్పుడు చూడు. సొంతోళ్ళ రాత పనికిరాదన్నారు గదా మీవాళ్ళు. వాళ్ళకి పనికొచ్చిన ఒకే ఒక్క ఆధారంలో ఉండేది నా రాతే.

…

ఏడుస్తున్నావా? …నేను ఏడవడం లేదులే.

తీసేయమని రాయి. …ఆ, ఆలోచించే చెప్తున్నా. రేపు ఏ పిల్లోడో ఆ పేజీ తెరిచి మా తమ్ముణ్ణి దుప్పుల దొంగ అనుకునేదానికంటే, వాడి పేరే లేకపోవడం మేలు. …నీ కష్టం వృథా ఏం కాదు. ప్రింటు తీసి మీ నాయనకి చదివి వినిపించు.

…ఇంకో పని ఉంది. కోర్టోళ్ళు తిరిగిచ్చిన పొట్లాలు బీరువాలో ఉన్నాయి. మొత్తం పదకొండు. వాడి నోటుబుక్కూ ఉంది, ఏ నంబరు ఎక్కడ ఏరినాడో తేదీలతో సహా. పట్టుకున్న రోజు ఇంట్లో ఉండిపోయింది గానీ, కోర్టులో అదే గదా కాపాడింది. ఆదివారం మీ నాయన్ని తీసుకుని బస్సెక్కి రా. నువ్వు బుక్కు చదువు, ఏ గుట్టో కాశయ్యన్న చెప్తాడు, నేను రాస్తా.

…మొత్తం రాస్తా. తోడేలు పెంట అనే రాస్తా. ఏరినవాడు ఉమామహేశ్వర్లు అని కూడా.

…ఎవురూ చూడరు, తెలుసు. వాళ్ళు చూడాలని కాదు.

…సరే, పెడుతున్నా. పాపం ఈమె ఇందాకటి నుంచి కూర్చునుంది… ఏమ్మా, పెసరపప్పు గదా? …కవరా? పేరున్న కవర్లు ఎప్పుడో మానేసినామమ్మా. కాగితంలో కట్టిస్తా, ఉండు.