కొమురెల్లి పేరున చూసిన గుండె

1964 ఫిబ్రవరి 11, మంగళవారం, పగలు పదకొండు గంటలకు పెద్దపల్లి పోలీసు ఠాణాలో అమీన్ సాబు ఎదుట చెప్పినది.

నా పేరు ఎల్లక్క. హనుమండ్లు భార్యను. వయసు సుమారు ముప్పై అయిదు. స్టేషను దగ్గరి బియ్యం మిల్లులో చెరిగే కూలిని. నా భర్త, నా మరిది కొమురెల్లి అదే మిల్లులో హమాలీలు. నన్ను ఎవరూ కొట్టలేదు, ఎవరూ పంపలేదు. నా అంతట నేనే వచ్చాను. నా భర్త మీద ఫిర్యాదు ఇస్తున్నాను. ఈ మాటకు అమీన్ సాబు నవ్వారు. నవ్వవద్దని చెప్పాను.

గోదావరి ఒడ్డున కొత్తగా తెరిచిన బొగ్గు గనిలో కొమురెల్లికి పని దొరికింది. గనిలో దిగే ముందు అక్కడి దవాఖానలో ఎక్సరే తెర ముందు నిలబడాలి. కొమురెల్లికి చిన్నప్పటి నుంచి దగ్గు. చూస్తే పనికిరాడంటారని అన్నదమ్ములకు భయం పట్టుకుంది. "నేను నిలబడి వస్త తియ్. నాకు రోగమా రొష్టా?" అని నా భర్త తమ్ముడి పేరు చెప్పుకొని బయలుదేరాడు. నేను సద్ది మూట పట్టుకొని వెంట వెళ్లాను. ఈ సంగతి మా అత్త కమలవ్వకు తెలియదు.

డాక్టరు వరండాలో ఎర్ర అద్దాలు పెట్టుకొని చాలాసేపు కూర్చున్నారు. చీకటి గదిలో తెర మీది బొమ్మ కనబడాలంటే ముందుగా కళ్లను అలా అలవాటు చేసుకోవాలట. తర్వాత "కొమురెల్లి" అని పిలిచారు. నా భర్త లోపలికి వెళ్లాడు. ఆయనకు ముందు వెళ్లినవాళ్లంతా ఇట్టే వచ్చేశారు. ఆయన మాత్రం ఎంతకీ రాలేదు. దొరికిపోయాడనుకున్నాను. దొరికిపోయినా బాగుండేది.

బయటికి వచ్చాక డాక్టరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. "ఊపిరి బిగబట్టమన్నాను. ఊపిరితిత్తులు ఆగినయి, మచ్చ మాత్రం గుండెతో పాటు ఆడుతనే ఉంది. అంటే అది గుండె మీది రక్తనాళంలోనిదే. అక్కడ సున్నం పేరుకుంది" అన్నారు. ఫోటో తీస్తే గుండె కదలికకు అది చెదిరిపోతుందట, తెర మీదనైతే కదులుతూనే కనబడుతుందట. అటూ ఇటూ తిప్పి చూసి పొడవు అంచనా వేశారట. "వడ్లగింజంత ఉంది. గని వద్దు. బరువు ఎత్తద్దు. కొమురెల్లీ, వింటున్నవా?" అన్నారు. నా భర్త "వింటున్న సారు" అన్నాడు.

వినలేదు. ఇల్లు చేరగానే తల్లితో "అవ్వా, కొమురెల్లికి గుండెల సున్నం పట్టిందట" అన్నాడు. మా అత్త ఒక్కటే ఏడుపు. ఆ దినం నుంచి పాలు కొమురెల్లికి, మంచం కొమురెల్లికి. కొమురెల్లి వంతు బస్తాలు మాత్రం నా భర్త వీపు మీదికి వచ్చాయి.

నేను నిలదీశాను. "తెర ముంగట నిలబడ్డది ఎవలు?" అన్నాను.

"నేనే."

"మరి గుండె ఎవలది?"

"ఎల్లా, వేములవాడ గుడిల వాని పేర మొక్కి నేను కోడెను కడితె వాని జరం తగ్గలేదా? పుణ్యం వానికే పోయె గద. గిది గూడ వాని పేర చూసిందే. వానిదే" అన్నాడు.

కోడె మొక్కు నిజమే. జ్వరం తగ్గిందీ నిజమే. అయితే ఒకరి గుండె ఇంకొకరి పేరున పోతుందా సారు? నా మనిషి మోసగాడు కాడు. భయస్థుడు. ఆ మాట అంటున్నప్పుడు కూడా చెయ్యి రొమ్ము మీద పెట్టుకొని రుద్దుకుంటున్నాడు.

కొమురెల్లినీ అడిగాను. "నాకేం నొస్తలేదు వదినె, దగ్గే. అన్నను జర ఆపు. నేను బస్తా పడితె కొట్టవస్తుండు" అన్నాడు. నిన్న బస్తాతో లారీకి వేసిన పలక మీద ఎక్కుతూ నా భర్త నడుమ ఆగిపోయాడు. ఎడమ చెయ్యి గుంజుతోందన్నాడు. పెదవులు నల్లబడ్డాయి. కూర్చోమని బతిమాలాను. "నాకేమైంది? తమ్ముడెట్లున్నడో చూసి రాపో" అన్నాడు. అక్కడే, అందరి ముందే ఏడ్చాను.

డాక్టరు దగ్గరికి పోయి నిజం చెబుదామంటే రాడు. "కేసు అయితది. తమ్ముని బతుకు ఖరాబైతది" అంటాడు. అందుకే కేసు నేనే పెడుతున్నాను. ఇక దాచడానికి ఏమీ మిగలదు. ఆయనను ఆయన పేరునే డాక్టరుకు చూపించి మందు ఇప్పించండి.

"అన్నదమ్ములిద్దరు జైలుకు పోతరు. ఎరుకేనా?" అని అమీన్ సాబు అడిగారు.

"ఎరుకే. జైలుల బస్తాలు మోపిస్తరా సారు?" అని అడిగాను.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, నా ఎరుకలో అంతా నిజం. వేలిముద్ర వేయమన్నారు. మిల్లులో ఇప్పుడు లారీ నింపుతున్నారు, నా భర్త అక్కడే ఉన్నాడు. ముందు జవానును పంపి ఆయన వీపు మీది బస్తా దింపించండి, అప్పుడే వేలు ఇస్తానన్నాను.

రాసిన రైటరు గమనిక: జవాను సైకిలు ఎక్కడం కంటితో చూశాక ఎల్లక్క వేసిన ఎడమ బొటనవేలి ముద్ర ఇది. సిరా తుడుచుకోకుండానే ఆమె అదే దారిన పరుగెత్తింది.